ఓబులదేవరచెరువు: బక్రీదు విందులో చింతపులుపు

కదిరి నుండి హిందూపురానికి పోయే దారిలో, గోరంట్ల ఇంకా రాకముందే, ఓబులదేవరచెరువు అనే మండల కేంద్రం ఎదురవుతుంది. అంత పొడవైన పేరు నోటికి బరువని కాబోలు, ఇక్కడివారు ‘ఓడీ చెరువు’ అని కుదించి పిలుచుకుంటారు. ఒక ప్రక్క అమడగూరు, మరొక ప్రక్క పుట్టపర్తి. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోనికి, పాత అనంతపురం జిల్లా నుండి ఈ మండలమూ వచ్చి చేరింది. జిల్లా మారినా నేల మారలేదు. వేరుశనగ విత్తి ఆకాశం వైపు చూడడం ఇక్కడి రైతుకు తాతల నాటి అలవాటు. పేరులో చెరువు ఉన్నంత మాత్రాన నీరు ఉండదు; వాన పడిన ఏడాదే చెరువు చెరువు.

ఇటువంటి నేలలో ఎవరి సేవనూ కోరకుండా నిలిచే చెట్టు చింత. పొలం గట్టున, ఊరి మొదట, ఈద్‌గాహ్ ప్రక్కన, బాటకు ఇరువైపులా దాని నీడ కనిపిస్తుంది. నీరు పోసేవారుండరు, ఎరువు వేసేవారుండరు. అయినా ఏటా మాఘ ఫాల్గుణాలు వచ్చేసరికి కాయ పండి, పెంకు గలగలమంటుంది.

2025 జూన్ 7న వచ్చిన బక్రీదుకు వారం ముందుగా మేము ఈ ఊరిలోని బంధువుల ఇంటికి చేరి, పండుగ ముగిసేవరకు అక్కడే ఉన్నాము. దూదేకుల కుటుంబం వారిది. తెలుగే వారి ఇంటి భాష. ఆ ఇంటి పెద్దావిడను చిన్నాపెద్దా అందరూ ‘జేజి’ అంటారు. జేజి చేతి చింతపండు తీపి చట్నీ చుట్టుప్రక్కల నాలుగు వీధులకు తెలుసు. ఉర్దూ మాట్లాడే ఇండ్లలో దీనినే ఖట్టీమీఠీ అంటారు. పులావు ప్రక్కన, కాల్చిన మాంసం ప్రక్కన, వేయించిన కాలేయం ప్రక్కన ఒక చెంచాడు పడితే చాలు, కొవ్వు బరువు తగ్గి ముద్ద తేలికవుతుంది. బక్రీదు మూడు రోజులూ మాంసమే ప్రధానమైన ఇంటిలో ఈ చట్నీ విలాసం కాదు, అవసరం.

మాంసం విందు ప్రక్కన తీపి కలిపిన పులుపు పెట్టుకోవడం మన దేశానికే పరిమితం కాదు. అమెరికాలో నవంబరు నెల నాలుగవ గురువారం జరుపుకొనే కృతజ్ఞతా పండుగనాడు టర్కీ కోడి ప్రక్కన క్రాన్‌బెర్రీ అనే ఎర్రని చిన్న పండ్ల చట్నీ ఉండి తీరాలి. విస్కాన్సిన్, మసాచుసెట్స్ రాష్ట్రాల చిత్తడి నేలలలో పండే ఆ పండు పచ్చిగా తింటే నోరు పులిసిపోతుంది. ఇంటిలో చేసుకొనేవారు 340 గ్రాముల పండ్లకు ఒక కప్పు చక్కెర, ఒక కప్పు నీరు పోసి పది నిమిషాలు మరిగిస్తారు. పండ్లు టపటపమని పగులుతాయి, చల్లారాక తమంతట తామే గట్టిపడతాయి. అక్కడి ముస్లిం కుటుంబాలలో జబీహా టర్కీని తెచ్చుకొని ఆ సెలవునాడు బంధువులతో కలిసి భుజించేవారూ ఉన్నారు. ఈ సంగతి మేము చెప్పగా జేజి శ్రద్ధగా విని, “పుల్లనిదాంట్లో తీపి పోసి మాంసం పక్కన పెట్టినారంటే వాళ్ళూ మన మాదిరోళ్ళే బిడ్డా” అని తేల్చివేసింది.

అయితే ఒక భేదం ఉంది, దానిని తేలికగా తీసుకోరాదు. క్రాన్‌బెర్రీ కోతకు వచ్చేది శరదృతువులో. వారి పండుగా అప్పుడే. పండు, పండుగ ఒకే కాలానికి కట్టుబడి ఉన్నాయి. మన పండుగలు అలా కాదు. చంద్రమానం ప్రకారం ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతూ, దాదాపు 33 సంవత్సరాలకు ఋతుచక్రమంతా తిరిగివస్తాయి. మన దేశంలో బక్రీదు 2008లో డిసెంబరు 9న చలిలో వచ్చింది. 2015లో సెప్టెంబరు 25న వానకాలపు చివరలో వచ్చింది. 2025లో జూనులో వచ్చింది. వేసవిలో మామిడికాయ ఉంటుంది, వానలకు వాక్కాయ ఉంటుంది, గుట్టల మీద కలేకాయ ఉంటుంది. కాని ఏ ఋతువులో పండుగ వచ్చినా చేతికందే పులుపు ఏది? ఆరబెట్టి, ఉప్పు కలిపి, జాడీలో అదిమి పెట్టిన చింతపండే. జేజి మాటలలో, “పండగ ఏ నెలకన్నా పోనీ బిడ్డా, పుల్లనిది మాత్రం ఇంట్లో ఉండాల.”

చింతకు మనతో మరొక బంధమూ ఉంది, అది పేరులో దాగి ఉంది. ప్రపంచమంతా దీనిని పిలిచే టామరిండ్ అన్న మాట అరబీ ‘తమ్ర్ హిందీ’ నుండి పుట్టింది. తమ్ర్ అనగా ఖర్జూరం; హింద్ దేశపు ఖర్జూరమని అర్థం. మన రేవులకు వచ్చిన అరబ్బు వర్తకులు నల్లగా, మెత్తగా, గింజతో ఉన్న ఈ గుజ్జును చూసి తమకు తెలిసిన పండుతోనే పోల్చుకున్నారు. విచిత్రమేమంటే చెట్టు పుట్టినిల్లు హిందూదేశం కూడా కాదు, ఆఫ్రికా ఉష్ణమండలం. ఎన్నడో ఇక్కడికి వచ్చి, ఈ నేలదే అయిపోయింది. ఎక్కడి నుండి వచ్చావని చింతచెట్టును ఎవరూ అడగరు.

ఓబులదేవరచెరువు, కొండకమర్ల, అమడగూరు ప్రాంతాలలో కాయ పండకముందే చెట్టును గుత్తకు మాట్లాడుకుంటారు. గుత్తదారు చెట్టు చుట్టూ ఒకటికి రెండుసార్లు తిరిగి, కొమ్మల కేసి చూసి, ఎంత దిగుబడి వస్తుందో కంటితోనే కొలుస్తాడు. పండిన తరువాత మనుషులు ఎక్కి కొమ్మలు కుదుపుతారు, అందనివాటిని పొడవైన గడతో దులుపుతారు. క్రింద పరచిన పట్టాలపై రాలిన కాయను స్త్రీలు ఏరుతారు. ఆ తరువాతి పని అంతా వారిదే. ఎండబెట్టడం, కర్రతో కొట్టి పెంకు రాల్చడం, నార లాగడం, గింజ తీయడం. గింజలు వేరుగా అమ్ముడుపోతాయి; వాటి పొడి నుండి నేతపరిశ్రమకు గంజి తయారవుతుంది. పిల్లలకు మాత్రం అవి అరగదీసి పందెమాడుకొనే పిక్కలు.

గింజ తీసే పనిని మేము ఒక పూట కూర్చుండి చూశాము. చింత పులుపు గోళ్ళ సందులలో చేరి చర్మాన్ని తింటుంది. చేతికి ఉన్న ప్రతి చిన్న గాయమూ మండుతుంది. నాలుగు గంటలు పని చేసిన స్త్రీ వేళ్ళ కొనలు తెల్లగా పాలిపోయి ఉంటాయి. పాతిక కిలోల పండు శుభ్రమై బస్తాలోకి చేరడానికి ఎంత మంది ఎన్ని గంటలు వంగి కూర్చున్నారో, చట్నీ నాకే మనకు గుర్తుకు రాదు.

ఇక్కడే మమ్మల్ని కలవరపరచిన మాట ఒకటి విన్నాము. ఒక ఇంటిలో, పేరు అనవసరం, గింజ తీసిన కూలీలకు ఇవ్వవలసిన డబ్బులో కొంత ఆపి, “బక్రీదుకు మాంసం ఎట్లాగూ ఇస్తాము గదా” అన్నారట. వినడానికి చిన్న విషయం. కాని ఖుర్బానీ ధర్మాన్ని మొదలంటా కదిలించే విషయం. దైవప్రవక్త ముహమ్మద్ (స) హజ్ సందర్భంగా బలి ఇచ్చిన ఒంటెల బాధ్యతను హజ్రత్ అలీ (రజి)కి అప్పగించినప్పుడు మాంసమూ చర్మాలూ దానం చేయమని ఆదేశించి, కసాయికి కూలిగా వాటిలో నుండి ఏదీ ఇవ్వరాదన్నారు. కూలి తమ వద్ద నుండి వేరుగా ఇచ్చారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ ఉల్లేఖనం ఉంది. అల్లాహ్ కొరకు అర్పించినదానితో మన అప్పు తీర్చుకోరాదన్నదే ఇందలి భావం. కసాయికి వర్తించిన నియమం చింతపండు ఒలిచిన స్త్రీకి వర్తించదని ఎవరనగలరు? ఆమె చేతి మంటకు ఇచ్చేది బాకీ. ఆమె ఇంటికి పంపే మాంసం ఆమె హక్కు, పేదగా గాని, పొరుగుగా గాని. రెండింటినీ ఒక తక్కెడలో వేసినవాడు బాకీనీ చెల్లించలేదు, ఖుర్బానీనీ పంచలేదు.

జేజి ఈ విషయంలో కఠినురాలు. పండుగకు పది రోజుల ముందే కూలి లెక్క పూర్తిగా కట్టివేస్తుంది. పండుగనాడు పంపే వాటాలో ఆ లెక్క ఊసే ఉండదు.

చట్నీ చేసేది జిల్‌హిజ్జా 8వ నాడు. మరుసటి రోజు అరఫా ఉపవాసం. ఉపవాసమున్నవారు ఉప్పు, పులుపు చవిచూడవలసిన ఇబ్బంది ఉండరాదని ఈ ఏర్పాటు. 9వ తేదీ ఫజ్ర్ నమాజుతో తక్బీర్లు మొదలయ్యేసరికి జాడీలు మూతపడి ఉండాలన్నది ఆ ఇంటి కట్టడి.

అరకిలో గింజ తీసిన చింతపండును ముందు చన్నీటిలో ఒకసారి జాడించి దుమ్ము వదిలించారు. తరువాత రెండు లీటర్ల కాగిన నీరు పోసి గంటసేపు మూత పెట్టారు. పావుకిలో ఖర్జూరాలను గింజలు తీసి వేరొక గిన్నెలో నానబెట్టారు. ముప్పావుకిలో చిత్తూరు బెల్లాన్ని కొద్ది నీటిలో కరగించి వడగట్టారు. బెల్లంలో ఇసుక ఉంటే ఎంత శ్రమపడినా చట్నీ పంటికింద కరకరలాడుతుంది. నానిన చింతపండును, ఖర్జూరాలను చేతితో పిసికి జల్లెడ గుండా దింపగా నారా తొక్కా పైన మిగిలి, చిక్కని రసం క్రిందికి వచ్చింది. హింద్ ఖర్జూరం, అరబ్బు ఖర్జూరం ఒకే గిన్నెలో కలిసిన ఆ క్షణం మాకు ముచ్చటగా తోచింది. జేజికి అటువంటి ముచ్చట్లకు తీరిక లేదు. “కలబెట్టండి, అడుగంటుతాది” అంది.

పాత్ర విషయంలో జాగ్రత్త అవసరం. చింతలోని ఆమ్లం అల్యూమినియాన్ని, కళాయి లేని ఇత్తడిని, రాగిని తింటుంది. వంటకం రంగు మారడమే కాదు, లోహం కడుపులోకి పోతుంది. ఒకప్పుడు కళాయి పూసేవారు వీధులలో తిరిగేవారు గనుక ఇత్తడి గిన్నె వాడేవారు. ఇప్పుడు అడుగు మందమైన స్టీలు గిన్నె వాడుతున్నారు. సన్నని సెగపై ముప్పావు గంట ఉడకాలి. ఈ చట్నీ క్రాన్‌బెర్రీ వలె తనంతట తాను గడ్డకట్టదు. ఆ పండులో ఉన్న బంక గుణమే దానిని బిగిస్తుంది. ఇక్కడ ఓపికతో నీటిని ఇగిరించవలసిందే. గరిటె వెనుక పూతగా అంటుకొని, వేలితో గీత గీస్తే అది కలిసిపోకుండా నిలిస్తే పాకం సరిపోయినట్లు. అప్పుడు వేయించి దంచిన జీలకర్ర రెండు చెంచాలు, శొంఠిపొడి ఒకటి, ఎండుకారం ఒకటి. ఉప్పు మాత్రం చవిచూసిన తరువాతే వేయాలి, నిల్వ చింతపండులో ముందే ఉప్పు ఉంటుంది గనుక. పూర్తిగా చల్లారాక పొడి గాజుసీసాలలో నింపి, తడి చెంచా తగలకుండా చూసుకుంటే శీతలపెట్టెలో నెల రోజులు చెడదు.

పండుగనాడు నమాజు ముగించుకొని వచ్చిన తరువాత ఖుర్బానీ జరిగింది. మాంసాన్ని మూడు వాటాలు చేశారు: ఇంటికి ఒకటి, బంధుమిత్రులకు ఒకటి, పేదలకు ఒకటి. ఖుర్ఆన్‌లోని సూరా హజ్ 36వ ఆయత్ అడగకుండా తృప్తిపడేవానికీ, అడిగేవానికీ కూడా తినిపించమంటుంది. జేజి పేదల వాటాను సంచులలో కట్టేటప్పుడు ప్రతి సంచితోపాటు ఒక చిన్న డబ్బాలో చట్నీ, ఒక పొట్లంలో గుప్పెడు మిరపకాయలు, ఉప్పు, కాస్త చింతపండు పెట్టించింది. వాన రాక, పని లేక నెట్టుకొస్తున్న ఇంటిలో కిలో మాంసం చేరినా, నూనె, కారం, పులుపు కొనడానికి చేతిలో పైసా లేకపోతే ఆ మాంసం వారికి ఆనందం కాదు, మరొక బెంగ. పొయ్యి మీదికి ఎక్కించగలిగేలా ఇచ్చినదే అన్నం పెట్టినట్లు. ఇది ఏ గ్రంథంలోనో చదివి నేర్చుకున్నది కాదు. ఒకప్పుడు తానూ అటువంటి సంచిని అందుకొన్న ఇల్లాలే జేజి.

నాలుగు సీసాలు మాత్రం మొదటే వేరుగా తీసి, మాంసపు గిన్నెల గాలి సోకని అటక మీద పెట్టించింది. అవి ఎవరివని అడిగాము. వెనుక వీధిలో ఒక రైతు కుటుంబం ఉంది. వారు మాంసం ముట్టరు. కాని జేజి జాడీలోని చింతపండు ఏటా వారి గట్టు చెట్టుదే. మాంసం పంపలేని ఆ ఇంటికి పండుగ వాటా ఏది? చట్నీయే. కొత్త గరిటె, కొత్త గిన్నె, కొత్త సీసా. ఆ ఇల్లాలు సీసాను రెండు చేతులా అందుకొని, “మా చెట్టుకాయ మా ఇంటికే తియ్యగై వచ్చిందే అక్కా!” అని నవ్వింది. మిగిలిన మూడు సీసాలూ అటువంటి ఇండ్లకే వెళ్ళాయి.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంటిలో ఒకసారి గొర్రెను జబహ్ చేశారు. ఆయన ఇంటికి వచ్చీరాగానే అడిగిన మొదటి ప్రశ్న, మన యూద పొరుగువానికి పంపారా అని. పొరుగువారి గురించి జిబ్రయీల్ (అ) ఎంతగా తాకీదు చేస్తూ వచ్చారో దైవప్రవక్త (స) చెప్పగా విన్నానని ఆయన జ్ఞాపకం చేసుకున్నారు. అబూదావూద్, తిర్మిజీ సంకలనాలలో ఈ సంఘటన ఉంది. పొరుగువాని మతం ఏదైనా వాటా ఉంటుందని ఆనాడే తేలిపోయింది. వాటా ఏ రూపంలో పంపితే వారికి హితమో ఆలోచించడం మాత్రం మన వంతు. ఆ ఆలోచనకు కావలసినదల్లా జేజి అటక మీద నాలుగు సీసాలుగా ఉంది.

పులుపును చిన్నచూపు చూసేవారికి మరొక మాట. ఒకనాడు దైవప్రవక్త (స) రొట్టెలోకి ఏమున్నదని ఇంటివారిని అడిగితే సిర్కా తప్ప ఏమీ లేదన్నారు. ఆయన దానినే తెప్పించుకొని తింటూ, మంచి ఆధరువని మెచ్చుకున్నారు. ఈ సంఘటనను ఉల్లేఖించిన జాబిర్ (రజి) ఆనాటి నుండి తనకూ సిర్కా అంటే ఇష్టమైపోయిందన్నారు. ఇంటిలో ఉన్న పుల్లని వస్తువును గౌరవంగా వడ్డించుకోవడం మనకు కొత్త కాదు.

తిరుగు ప్రయాణంలో హిందూపురం దాకా పోయాము. అక్కడి వ్యవసాయ మార్కెట్ యార్డు చింతపండు వ్యాపారానికి పేరుపొందినది. కరిపులి, ప్లవర్ అని రెండు రకాలుగా ధరలు పలుకుతాయి. కరిపులిదే ఎప్పుడూ పైచేయి. ఓబులదేవరచెరువు వైపు ఒలిచిన పండు ఇక్కడి తక్కెడకు చేరి, ఆ పైన దేశమంతటికీ పోతుంది. యార్డు నుండి బయటకు వచ్చి బజారులో చూస్తే దుకాణపు అరలలో చింతపండు చట్నీ సీసాలు బారులు తీరి ఉన్నాయి. ఒకదానిపై అచ్చువేసిన పదార్థాల పట్టికలో చక్కెర మొదట ఉంది, చింత తరువాత ఎక్కడో ఉంది. తీరిక లేని ఇల్లాలు కొంటే తప్పు పట్టము. కాని సీసా కొన్న ఇంటిలో ఖర్జూరం పిసికే పిల్లలుండరు, వెనుక వీధికి పంపాలన్న ఆలోచన రావడానికి నాలుగు సీసాలు ఎక్కువగా చేసే గిన్నె ఉండదు.

ఎరుపు రంగు మీద మక్కువ ఉన్నవారికి ఒక శుభవార్త. అనంతపురం దగ్గరి రేకులకుంట ఉద్యాన పరిశోధనా స్థానం నుండి ‘అనంత రుధిర’ అనే ఎర్రగుజ్జు చింత రకం వచ్చింది. దానితో చేసిన చట్నీ నల్లగా కాక ఎర్రగా ఉంటుంది. క్రాన్‌బెర్రీకి ఎరుపునిచ్చే తరహా వర్ణద్రవ్యమే ఇందులోనూ ఉందని తెలిసి ముచ్చటపడ్డాము. ఆ రకపు అంటుమొక్కను తెచ్చి ఇంటి వెనుక నాటుతామని జేజి మనుమడు అన్నాడు. అంటుకట్టినది నాలుగైదు ఏండ్లకే కాపుకు వస్తుంది. జేజి మాత్రం అంటుమొక్కతోపాటు, వెనుక వీధివారి గట్టు చెట్టు గింజలు కూడా రెండు తొట్లలో పాతిపెట్టింది. గింజ నుండి మొలిచిన చెట్టు కాయడానికి ఎనిమిది, పదేండ్లు పడుతుంది. మేము వ్రేళ్ళ మీద లెక్క కట్టి చూశాము. ఏటా 11 రోజుల చొప్పున వెనక్కి జరిగితే, 2034 నాటికి బక్రీదు మార్చి మొదటి వారానికి, అంటే చింతకాయ దులిపే రోజులకు చేరుతుంది. జేజికి ఆ లెక్క చెబితే, “అయితే ఆ ఏడు జాడీ తెరిచే పని లేదు, చెట్టు కిందే చట్నీ, ఇన్షా అల్లాహ్” అని తొట్టిలో చెంబెడు నీళ్ళు పోసింది.